కుర్చీ బరువెక్కింది, బలమెక్కిందా?

కల్యాణమండపానికి కుర్చీలు కొనేవాళ్లు దుకాణంలో ముందుగా చేసే పని కుర్చీని ఒంటిచేత్తో ఎత్తి చూడటం. బరువుంటే మంచి సరుకు, తేలిగ్గా లేస్తే నాసిరకం అని ఒక నమ్మకం. ఇత్తడి బిందె కొనేటప్పుడు అక్కరకొచ్చిన ఈ లెక్క పాలీప్రొపిలీన్ కుర్చీ దగ్గర తప్పుతుంది. ఆ కుర్చీ బరువెక్కిందంటే చాలాసార్లు దానిలో పడింది రాతిపొడి. సుద్ద, బలపపు రాయి, ముగ్గురాయి, అభ్రకం, చీనా మట్టి, ఇలా ప్లాస్టిక్‌లో కలిపే ఖనిజపు పొడులన్నిటినీ పరిశ్రమలో ఫిల్లర్ అంటారు. వీటిలో కొన్నిటికి తెలుగునేల పుట్టిల్లు: మంగంపేట ముగ్గురాయి, గూడూరు అభ్రకం, కర్నూలు, అనంతపురం వైపు బలపపు రాయి. ఒకవైపు రిఫైనరీ, ఇంకోవైపు ఉక్కు కర్మాగారం, నడుమ రేవు ఉన్న విశాఖపట్నంలో ప్లాస్టిక్‌నూ రాతినీ కలపడం గురించి మాట్లాడటానికి కావలసినంత సామగ్రి ఉంది. ఈ సంవాదంలో ఒకరు రసాయనశాస్త్రం బోధించి రిటైరైన మాస్టారు, ఆయనకు ఫిల్లర్ అంటే కల్తీ. రెండోవారు గాజువాక ఆటోనగర్ తరహా మౌల్డింగ్ పని క్షుణ్ణంగా ఎరిగిన ఇంజనీరు. ఇద్దరి మాటా పూర్తిగా వినిపిస్తాను, నా అభిప్రాయాన్ని కూడా దాచను.

మాస్టారు: చూడు బాబూ, బియ్యంలో రాళ్లు కలిపినవాడిది కల్తీ అయితే, ప్లాస్టిక్‌లో రాతిపొడి కలిపినవాడిది విజ్ఞానశాస్త్రం ఎలా అవుతుంది? పాలిమర్ ఖరీదు, సుద్ద చవక. చవకదాన్ని కలిపి ఖరీదైనదాని పేరుతో అమ్ముతున్నారు, అంతే కదా! ఎండకు ఎండిన ఫ్లెక్సీ బ్యానర్‌ను వేళ్ల మధ్య నలిపి చూడు, తెల్లపొడి అంటుకుంటుంది. పాలియెస్టర్ వలకు పూసిన ఆ పీవీసీలో సుద్ద పాలు అంత. 2022 ఆగస్టు 26న అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్‌రెడ్డి రాష్ట్రంలో ఫ్లెక్సీల నిషేధం ప్రకటించింది మన విశాఖలోనే. నాలుగు రోజులు వేలాడి చెత్తకుప్పకు చేరే వస్తువును అంత చవగ్గా చేయగలిగారంటే అందులో సుద్దకూ వాటా ఉంది. చవక చేసి మరీ చెత్తను పెంచే విద్య ఇది.

ఇంజనీరు: ఫ్లెక్సీ విషయంలో మీతో వాదించను మాస్టారూ. కానీ ఒక్క ఫ్లెక్సీని చూసి మొత్తం విద్యను కొట్టేయకండి. 1907లో లియో బేక్‌లాండ్ రూపొందించిన బేకలైట్ రెసిన్ ఒంటరిగా ఉంటే పెళుసు. మెత్తటి చెక్కపొడి కలిపాకే అది స్విచ్చులకూ ప్లగ్గులకూ అక్కరకొచ్చింది. ఇక పాలీప్రొపిలీన్ సంగతి. అచ్చులో చల్లబడేటప్పుడు అది నూటికి ఒకటిన్నర నుంచి రెండు పాళ్లు కుంచించుకుపోతుంది. అర మీటరు భాగం మీద అది ముప్పావు సెంటీమీటరుకు తక్కువ కాదు. మందం ఎక్కువున్న చోట ఎక్కువ, తక్కువున్న చోట తక్కువ కుంచించుకోవడంతో భాగం వంకర తిరుగుతుంది. నూటికి 40 పాళ్లు బలపపు పొడి కలపండి, ఆ కుంచింపు సగానికి దగ్గరవుతుంది, వంగకుండా నిలిచే దృఢత్వం రెట్టింపు దాటుతుంది. బలపపు రాయి పలకలు పలకలుగా విడిపోయే ఖనిజం. కరిగిన ప్లాస్టిక్ అచ్చులోకి దూసుకుపోతున్నప్పుడు ఆ సన్నని పలకలు ప్రవాహం వెంట పడుకుంటాయి. తర్వాత బలం పడినప్పుడు మెత్తని పాలిమర్ సాగబోతుంది, దాన్ని అంటిపెట్టుకున్న గట్టి పలక ఆ భారాన్ని పంచుకుంటుంది. పైగా పాలీప్రొపిలీన్ స్ఫటికాలు కట్టడం ఆ పలకల మీదే మొదలవుతుంది, అందుకే వేడికి వంగిపోవడం కూడా ఆలస్యమవుతుంది. మే నెల ఎండలో అద్దాలు మూసి నిలబెట్టిన కారులో డ్యాష్‌బోర్డు ఆకారం చెడకుండా ఉండటంలో బలపపు రాయి పాత్ర చాలా ఉంది.

సిమెంటు బస్తానే తీసుకోండి. పాలీప్రొపిలీన్ పొరను సన్నని పట్టీలుగా కోసి, ఐదారు రెట్లు సాగదీసి, ఆ పట్టీలతో బస్తా నేస్తారు. అంతగా సాగిన పట్టీ నిలువునా పీచులుగా చీలడానికి సిద్ధంగా ఉంటుంది. నూటికి కొద్దిపాళ్లు సుద్ద ఉంటే ఆ చీలిక ఆగుతుంది. నున్నదనం కాస్త తగ్గడంతో గోదాములో ఒకదానిమీదొకటి పేర్చిన బస్తాలు జారవు కూడా. ఇంకో ఉదాహరణ చెబుతాను, నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. మంట అంటుకున్నప్పుడు విషవాయువు వదలకూడని చోట్ల వాడే కేబుల్ తొడుగులో నూటికి 60 పాళ్ల దాకా అల్యూమినియం హైడ్రాక్సైడ్ ఉంటుంది. 200 డిగ్రీలు దాటాక అది విచ్ఛిన్నమై తన బరువులో మూడోవంతుకు పైగా నీటి ఆవిరిగా వదులుతుంది. ఆ పనికి మంటలోని వేడినే వాడుకుంటుంది, వెలువడిన ఆవిరి గాలిని పలచన చేస్తుంది, మిగిలిన అల్యూమినా పొరలా కప్పుకుంటుంది. ఒడిశాలోని దామన్‌జోడి నుంచి మన రేవుకు వచ్చే నాల్కో అల్యూమినా ఇదే హైడ్రాక్సైడ్‌ను కాల్చగా తయారైనది. ఆ తొడుగులోంచి ఖనిజం తీసేస్తే మిగిలేది బాగా మండే ప్లాస్టిక్. దాన్ని కల్తీ అనగలరా?

మాస్టారు: కేబుల్ సంగతి ఒప్పుకుంటాను. మరి కుర్చీ కాలు? ఏడాది తిరక్కుండా కుర్చీ కాళ్లు విరిగి మనుషులు కింద పడుతున్నారు. విరిగిన చోట తెల్లగా సున్నం పెచ్చులా కనిపిస్తుంది. రాయి బలమిస్తే అక్కడ ఎందుకివ్వలేదు?

ఇంజనీరు: దృఢత్వం వేరు, దెబ్బకు తట్టుకోవడం వేరు మాస్టారూ. ఖనిజం మొదటిదాన్ని దాదాపు ఎప్పుడూ పెంచుతుంది. రెండోది పొడి రేణువు ఎంత ఉందన్నదాని మీద ఆధారపడుతుంది. ఒకటి రెండు మైక్రాన్ల సుద్దకు స్టియరిక్ ఆమ్లం పూత వేసి, ఉండ కట్టకుండా చెదరగొట్టి కలిపితే, దెబ్బ తగిలినప్పుడు ప్రతి రేణువు చుట్టూ పాలిమర్ కాస్త విడివడి, సాగి, ఆ శక్తిని మింగుతుంది. అలాంటి పదార్థం కొన్నిసార్లు ఖాళీ పాలీప్రొపిలీన్ కన్నా బాగా దెబ్బ కాస్తుంది. వంచినచోట తెల్లబారడం ఈ సూక్ష్మమైన ఖాళీల వల్లే, అది ప్రతిసారీ చేటు గుర్తు కాదు. రేణువు పది మైక్రాన్లు దాటిందా, పూత లేదా, పొడి ఉండలు కట్టిందా, అప్పుడు ప్రతి ఉండా ఒక పగులుకు మొదలవుతుంది. సరైన జల్లెడ పట్టని చవక సుద్దలో క్వార్ట్జ్ ఇసుక కూడా వస్తుంది. సుద్దలోని ఖనిజం కాల్సైట్ కాఠిన్యం 3, క్వార్ట్జ్‌ది 7. అది యంత్రంలోని స్క్రూనూ బ్యారెల్‌నూ అరగదీస్తుంది. అరిగిన స్క్రూ సరిగా కలపలేదు, కలవని పొడి మళ్లీ ఉండ కడుతుంది. మీరు చూసిన కుర్చీ కాలు ఈ వరుసలో ఎక్కడో విరిగి ఉంటుంది.

మాస్టారు: సరే, మెత్తటి పొడి, మంచి పూత, అన్నీ సరిగా ఉన్నాయనే అనుకుందాం. ఇప్పుడు నా లెక్క విను. పాలీప్రొపిలీన్ లీటరు 905 గ్రాములు. సుద్ద లీటరు 2,700 గ్రాములు. రెండు కిలోల కుర్చీ అచ్చులో పట్టేది దాదాపు 2.2 లీటర్లు. బరువులో నూటికి 20 పాళ్లు సుద్ద కలిపి అదే అచ్చు నింపితే కుర్చీ 2.3 కిలోలవుతుంది. అందులో సుద్ద 460 గ్రాములు, ప్లాస్టిక్ 1,850 గ్రాములు. అంటే ఐదోవంతు రాయి కలిపానని చెప్పుకున్నవాడు ఆదా చేసిన ప్లాస్టిక్ 150 గ్రాములు, నూటికి ఎనిమిది పాళ్లు కూడా లేదు. ఆ 150 గ్రాములు మిగుల్చుకోవడానికి 460 గ్రాముల రాయి తవ్వి, నూరి, పూత పూసి, ఉదయపూర్ నుంచి లారీలో తేవాలి. కిలో సుద్ద ధర కిలో ప్లాస్టిక్ ధరలో మూడోవంతుకు లోపల ఉంటేనే దమ్మిడీ మిగులుతుంది. ఇంతోటి లాభానికి ఇంత తాపత్రయం ఎందుకు? ఎందుకంటే అమ్మకం కిలోల్లో జరుగుతోంది కనుక! క్యారీబ్యాగులు కిలో లెక్కన కొనే చిన్న దుకాణదారుకు కిలోకు వచ్చే సంచులు తగ్గిపోతాయి. కుర్చీ ఎత్తి చూసేవాడికి మూడు వందల గ్రాములు ఎక్కువ బరువు చూపించి గట్టిదని నమ్మిస్తారు. గుణం కోసం కలుపుతున్నామన్న మాట ఈ కిలోల దగ్గర నిలబడదు.

ఈ లెక్క దగ్గర కాస్త ఆగాలి, మొత్తం వాదానికి ఇదే మూలం అనుకుంటున్నాను. ప్లాస్టిక్ వస్తువు అచ్చులో ఘనపరిమాణంతో పుడుతుంది, బజారులో బరువుతో అమ్ముడవుతుంది. ఫిల్లర్ చుట్టూ ఉన్న మోసమంతా ఆ రెండింటి మధ్య సందులో ఉంది. మాస్టారు చెప్పిన మూడోవంతు లెక్కే ఇంకో సంగతి కూడా చెబుతుంది. పీవీసీ సాంద్రత 1.4, సుద్దలో సగం. అందుకని అక్కడ సుద్ద ధర పీవీసీ ధరలో సగానికి లోపల ఉన్నా లాభమే. ఫ్లెక్సీలోనూ చవక పీవీసీ గొట్టాల్లోనూ సుద్ద విచ్చలవిడిగా పడటానికి కారణం ఇక్కడే దొరుకుతుంది. నీటి పీవీసీ గొట్టాల భారతీయ ప్రమాణం ఐఎస్ 4985 సాంద్రతకు కూడా హద్దు పెట్టడం ఊరికే జరగలేదు.

ఇంజనీరు: లెక్కలో తప్పులేదు మాస్టారూ. పాత అచ్చులో పొడి పోస్తే ఆదా ఎనిమిది పాళ్లే. కానీ మీరు అచ్చును మార్చలేదు. బలపపు పొడితో పదార్థం దృఢత్వం 1.4 రెట్లయిందనుకోండి. పలక వంగకుండా నిలిచే శక్తి దాని మందానికి ఘనం లెక్కన మారుతుంది. కాబట్టి అంతే గట్టిదనానికి మందం నూటికి పదిన్నర పాళ్లు తగ్గించవచ్చు. అప్పుడు బరువు పాత కుర్చీకి దాదాపు సమానమవుతుంది, పడే ప్లాస్టిక్ మాత్రం నూటికి 17 పాళ్లు తగ్గుతుంది. ఖనిజం వేడిని త్వరగా పంపుతుంది కనుక అచ్చులో చల్లబడే వేళ కూడా తగ్గి కరెంటు ఆదా అవుతుంది. 2020 మే 7న ఆర్.ఆర్. వెంకటాపురంలో పాలిస్టైరీన్ కర్మాగారపు ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి ప్రాణాలు తీసిన ఊరు మనది. అవసరం లేని ప్రతి కిలో పాలిమర్‌నూ తయారు చేయకుండా ఉండటానికి ఈ ఊరివాళ్ల కన్నా బలమైన కారణం ఎవరికుంది? గుణం కోసం కలిపినవాడెవడో, కిలో కోసం కలిపినవాడెవడో తేల్చడానికి నేను ఒక్కటే అడుగుతాను: అచ్చు మారిందా? కలిపిన ఖనిజానికి తగ్గట్టు మందం, పక్కటెముకలు, మూలల వంపులు మళ్లీ గీశారా? గీస్తే అది ఇంజనీరింగ్. పాత అచ్చులోనే పోస్తే మీ మాటే నిజం.

మాస్టారు: బాగా చెప్పావు, కానీ నీ లెక్క దుకాణం గుమ్మం దగ్గర ఆగిపోయింది. గుమ్మం ఇవతల కొండ ఉంది, అవతల సముద్రం ఉంది. అనంతగిరి మండలం నిమ్మలపాడులో కాల్సైట్ కోసం గిరిజనుల భూముల మీద ప్రైవేటు కంపెనీకి లీజు ఇస్తే, సమత సంస్థ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1997 జులై 11న వచ్చిన తీర్పు ఆ లీజులు చెల్లవంది. అది ప్లాస్టిక్ కోసం తవ్వాలనుకున్న రాయి కాదు, నాకు తెలుసు. కానీ తెల్లరాయి చవక అంటున్నారే, ఆ ధరలో కొండమీది మనిషి నష్టం ఎన్నడైనా కలిసిందా? ఇక సముద్రం. పాలీప్రొపిలీన్ నీటిమీద తేలుతుంది. నూటికి 14 పాళ్లు దాటి సుద్ద ఉంటే మంచినీటిలో మునుగుతుంది, 18 పాళ్లకు సముద్రపు నీటిలోనూ మునుగుతుంది. ఆర్కే బీచ్‌లో జనం చెత్త ఏరతారు, మంచి పనే, కానీ వాళ్ల చేతికందేది తేలి ఒడ్డుకు కొట్టుకొచ్చింది. మునిగినదాన్ని ఎవరు ఏరతారు? తుక్కు ప్లాస్టిక్‌ను మళ్లీ వాడే చోటా ఇదే గొడవ. నీటి తొట్టిలో తేలినదాన్ని పాలీప్రొపిలీన్, పాలిథీన్ అని తీస్తారు, మునిగినదాన్ని పీవీసీ, పెట్ అని వేరే పోస్తారు. నీ ఫిల్లర్ కుర్చీ ముక్క పీవీసీతో కలిసి అడుగున చేరుతుంది. రెంటికీ చెడింది.

ఇంజనీరు: కొండ విషయంలో మీరన్నది నేను కాదనను. కొండవాళ్ల నష్టం కూడా కలిపాక తేలే ధరే రాతి అసలు ధర. ఆ లెక్కలో చాలా చవక వస్తువులకు ఫిల్లర్ గిట్టుబాటు కాదు, కాకపోవడమే మంచిది. పరవాడలో సింహాద్రి థర్మల్ కేంద్రం బూడిద ఉంది కదా, అది కలపవచ్చు కదా అని అడుగుతారు. కలపవచ్చు. దాని రేణువులు గుండ్రంగా ఉంటాయి, అచ్చులో బాగా పారుతుంది. కానీ అది నల్లగా రంగు చెడగొడుతుంది, గాజులాంటి కాఠిన్యంతో యంత్రాన్ని అరగదీస్తుంది, పలకల్లాంటి బలం ఇవ్వదు. రంగు పట్టించుకోని మందపాటి వస్తువులకు సరిపోతుంది, అంతవరకే. తొట్టి విషయంలో మాత్రం మీకు జవాబుంది, అది మన ఊరి సిమెంటు బస్తా మీదే అచ్చయి ఉంది. ఉక్కు కర్మాగారం బ్లాస్ట్ ఫర్నేసు చిట్టెం కలిపిన సిమెంటుకు ఐఎస్ 455 అని వేరే ప్రమాణం ఉంది. అందులో నూటికి 25 నుంచి 70 పాళ్ల దాకా చిట్టెం ఉండవచ్చు. దాన్ని ఎవరూ కల్తీ అనరు, ఎందుకంటే బస్తా మీద పోర్ట్‌లాండ్ స్లాగ్ సిమెంటు అని పేరు వేసి అమ్ముతారు. ఉప్పుగాలికి ఎదురు నిలిచే కట్టడాలకు దాన్ని కోరి కొంటారు కూడా. కారు బంపరు లోపలివైపు చూడండి, పీపీ–టీడీ20 అన్న గుర్తు కనిపిస్తుంది. పాలీప్రొపిలీన్, బలపపు పొడి, నూటికి 20 అని దాని అర్థం. అంతర్జాతీయ ప్రమాణాల్లో ఈ గుర్తులన్నీ ఎప్పుడో ఖాయమయ్యాయి. కారు విడిభాగానికి వేసే గుర్తు కల్యాణమండపం కుర్చీకి వేయడానికి అడ్డేమిటి?

నా పక్షం ఇక్కడ తేటపడుతుంది. ఖనిజం కలపడాన్ని నిషేధించమంటే కేబుల్ తొడుగునూ సిమెంటు బస్తానూ కూడా కాదన్నట్టే. ఇష్టం వచ్చినట్టు కలుపుకోనిస్తే కిలోల వ్యాపారమే గెలుస్తుంది. పాలిమర్ పేరు, ఖనిజం పేరు, దాని శాతం, ఈ మూడూ వస్తువు మీద అచ్చులోనే పోతపోయాలి. గుర్తు వేయవలసి వచ్చిన రోజున ఊరికే బరువు పెంచిన కుర్చీ దుకాణంలో తల ఎత్తలేదు, తగ్గించిన మందంతో నిలిచే కుర్చీ గర్వంగా అమ్ముడవుతుంది.

మాస్టారు: గుర్తు వేయించడం తేలికే. 20 అని వేసి 35 కలిపితే? ప్రతి చిన్న యూనిట్‌కూ ప్రయోగశాల ఉండదు కదా. తనిఖీల పేరు చెప్పి ఆటోనగర్‌లో నలుగురికి పని ఇచ్చే యూనిట్లు మూయించి, పెద్ద కంపెనీలకు దారి వేసినట్టవుతుంది.

ఇంజనీరు: ప్లాస్టిక్‌లోని ఖనిజాన్ని పట్టుకోవడం పాలలో నీళ్లు పట్టుకోవడం కన్నా సులువు మాస్టారూ. మొదటి పరీక్షకు బకెట్ నీళ్లు చాలు. గాలి బుడగలు లేని ముక్క కోసి, సబ్బునీటితో తడిపి వదిలితే, పాలీప్రొపిలీన్ మునిగిందంటే 14 పాళ్లు దాటినట్టే. రెండో పరీక్షకు కొలిమి, మంచి తక్కెడ ఉంటే సరి. ముక్కను తూచి 600 డిగ్రీల దగ్గర కాలిస్తే పాలిమర్ పోయి సుద్ద మిగులుతుంది, దాన్ని తూచితే శాతం తెలిసిపోతుంది. వేడి అంతకన్నా బాగా పెరగనివ్వకూడదు. పెరిగితే ఉక్కు కర్మాగారం సున్నపు బట్టీలో జరిగేదే ఇక్కడా జరిగి, సుద్ద తన బరువులో 44 శాతం కార్బన్ డయాక్సైడ్‌గా పోగొట్టుకుంటుంది, లెక్క తప్పుతుంది. సూరంపల్లిలోని ప్లాస్టిక్ సాంకేతిక సంస్థ సీపెట్ లాంటి చోట ఈ పరీక్ష రోజువారీ పని. చిన్న యూనిట్ సొంతంగా కొలిమి పెట్టుకోనక్కర్లేదు, గుళికలు సరఫరా చేసేవాడి దగ్గర శాతం రాతపూర్వకంగా తీసుకుంటే చాలు. తప్పు ఉంటే ఆ కాగితం వెంట పైకి వెళ్లవచ్చు.

మాస్టారు: ఇకముందు చేసేవాటికి సరే. ఇప్పటికే ఊళ్లలో ఉన్న లక్షల కుర్చీలకు ఏ గుర్తూ లేదు. అవి ఏ తొట్టిలో తేలాలి?

ఇంజనీరు: ఉప్పునీటి తొట్టిలో. ఉప్పు ఇక కరగని స్థాయికి వస్తే ఆ నీటి సాంద్రత 1.2 అవుతుంది. నూటికి 35 పాళ్ల సుద్ద ఉన్న పాలీప్రొపిలీన్ కూడా అందులో తేలుతుంది, పీవీసీ, పెట్ మునుగుతాయి. మామూలు నీటి తొట్టి తర్వాత ఈ రెండో తొట్టి పెడితే మునిగిన కుప్పలోంచి కుర్చీలు బయటికొస్తాయి, వాటిని వేరే పోగు వేసి మళ్లీ అలాంటి వస్తువులకే వాడవచ్చు. ఉప్పునీటిని పారబోయనక్కర్లేదు, తగ్గినంత నీరూ ఉప్పూ చేర్చుకుంటే అదే తొట్టి నడుస్తుంది. ముక్కలు కడగడానికి మాత్రం మంచినీరు కావాలి, ఆ కడిగిన నీటిని శుద్ధి చేయాలి. దానికయ్యే ఖర్చు ఇప్పుడు తుక్కు ఏరేవాళ్ల మీదే పడుతుంది. 2022 ఫిబ్రవరిలో కేంద్రం తెచ్చిన ఉత్పత్తిదారుల బాధ్యత నిబంధనలు ప్యాకేజింగ్ ప్లాస్టిక్‌కే పరిమితం, కుర్చీలు వాటి కిందికి రావు. కుర్చీలనూ ఆ నిబంధనల్లో చేర్చమని అడగటమే ముందు చేయవలసిన పని.